గడ్డం సబ్బులో ఏముంది: పాత కంపెనీల బిళ్లలు, ఆర్టిసాన్ డబ్బాలు

గడ్డం గీసుకోవడానికి వాడే సబ్బు మీద ఒంటి సబ్బుకు లేని భారం ఉంటుంది. ఒంటి సబ్బు మురికిని పట్టుకుని నీళ్లతో కొట్టుకుపోతే దాని పని అయిపోయినట్టే. షేవింగ్ సబ్బు నురగ ముఖం మీద ఐదు పది నిమిషాలు ఆరిపోకుండా నిలవాలి, వెంట్రుకను తడిగా ఉంచాలి, బ్లేడు అంచుకూ చర్మానికీ మధ్య పలచని జారుడు పొరగా మిగలాలి, కడిగేశాక చర్మాన్ని బిగుసుకుపోనివ్వకూడదు. గడ్డపు వెంట్రుక పొడిగా ఉన్నప్పుడు చాలా గట్టిది. గోరువెచ్చని నీటిలో రెండు మూడు నిమిషాలు నానితే దానిలోని కెరటిన్ అనే ప్రోటీన్ నీటిని పీల్చుకుని మెత్తబడుతుంది, దాన్ని కోయడానికి కావలసిన బలం బాగా తగ్గుతుంది. మెత్తబరిచేది ప్రధానంగా నీరే. ఆ నీటిని గీత, అంటే గడ్డం గీసుకోవడం, పూర్తయ్యేదాకా అక్కడ పట్టి ఉంచడం సబ్బు వంతు.

బ్రష్షుతో నురగ తీసి, ఒంటి బ్లేడు రేజరుతో గీసుకునే పద్ధతి గత పదిహేనేళ్లుగా కొత్త తరాన్ని మళ్లీ ఆకర్షిస్తోంది. వాళ్లలో తరచుగా సాగే చర్చ ఒకటుంది: వందేళ్లకు పైబడిన కంపెనీల సంప్రదాయ సబ్బు బిళ్లలు మేలా, చిన్న చిన్న తయారీదారులు కొద్ది మోతాదుల్లో చేసి అమ్మే ఆర్టిసాన్ సబ్బులు మేలా? ఈ చర్చ ఎక్కువగా పేర్ల మీద, వాసనల మీద, డబ్బాల అందం మీద నడుస్తుంది. కానీ సబ్బు ఎలా ప్రవర్తిస్తుందో నిర్ణయించేది దానిలో ఏ కొవ్వు ఆమ్లాలు ఎంతెంత ఉన్నాయి, ఏ క్షారంతో చేశారు, ఎంత నీరు మిగిల్చారు, మన కుళాయిలో ఎలాంటి నీరు వస్తోంది అన్న విషయాలే. వీటిని పట్టుకుంటే రెండు రకాల మధ్య తేడా ఎక్కడ నిజమో, ఎక్కడ ప్రచారమో తేలికగా తెలుస్తుంది.

సబ్బు అంటే కొవ్వు ఆమ్లమూ క్షారమూ కలిసి ఏర్పడిన లవణం. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దానితో చేసిన సబ్బు వెంటనే పెద్ద పెద్ద బుడగలు వేస్తుంది, అంతే త్వరగా ఆ బుడగలు పగిలిపోతాయి, మోతాదు ఎక్కువైతే చర్మాన్ని పొడిబారుస్తుంది. ఓలియిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న ఆలివ్ వంటి నూనెల సబ్బు చర్మానికి సౌమ్యంగా ఉంటుంది గానీ నిలకడైన నురగనివ్వదు. స్టియరిక్, పామిటిక్ ఆమ్లాల నుంచి వచ్చే సబ్బు మాత్రం సన్నని, దట్టమైన, పెరుగు మీగడ వంటి నురగనిస్తుంది; అది నీటిని వదలకుండా చాలాసేపు నిలుస్తుంది. షేవింగ్ సబ్బుకు వెన్నెముక ఇదే. మంచి షేవింగ్ సబ్బులో ఈ రెండు ఆమ్లాలూ కలిపి మొత్తం కొవ్వులో సుమారు సగమో, అంతకంటే ఎక్కువో ఉంటాయి. నురగ త్వరగా లేవడానికి కొంత కొబ్బరి నూనె, బుడగలు సాగడానికీ సబ్బు తేలికగా కరగడానికీ కొంచెం ఆముదం కలుపుతారు. స్నానపు సబ్బును బ్రష్షుతో ఎంత రుద్దినా ఆ నురగ చెంప మీద రెండు నిమిషాల్లో ఆరి మచ్చలు మచ్చలుగా మిగలడానికి కారణం దానిలో ఈ స్టియరిక్ బలం లేకపోవడమే.

క్షారం విషయం కూడా అంతే ముఖ్యం. కాస్టిక్ సోడాతో చేసిన సబ్బు గట్టిగా ఉంటుంది, నీటిలో నెమ్మదిగా కరుగుతుంది. కాస్టిక్ పొటాష్‌తో చేసినది మెత్తగా ఉంటుంది, బ్రష్షు తగలగానే కరుగుతుంది. స్టియరిక్ ఆమ్లం కాస్టిక్ సోడాతో కలిసి ఏర్పడే సోడియం స్టియరేట్ ఒక్కటే ఉంటే సబ్బు బిళ్ల రాయిలా తయారై నురగకు లొంగదు. పొటాషియం స్టియరేట్ ఒక్కటే ఉంటే బిళ్లగా నిలవక ముద్దలా ఉంటుంది. అందుకే షేవింగ్ సబ్బులో రెండు క్షారాలనూ కలిపి వాడతారు, చాలా సందర్భాల్లో పొటాష్ పాలే ఎక్కువ. మన ఇళ్లలో తరతరాలుగా వాడుతున్న ట్యూబు క్రీము కూడా రసాయనపరంగా ఈ కుటుంబానిదే: స్టియరిక్ ఆమ్లం, కొబ్బరి నూనె, పొటాష్, వాటితోపాటు బిళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ నీరు. బిళ్ల, మెత్తని సబ్బు, క్రీము అనేవి ఒకే వరుసలో నీటి పాలును బట్టి ఏర్పడిన మెట్లని అర్థం చేసుకుంటే తరువాతి పోలిక సులువవుతుంది.

సంప్రదాయ సబ్బు బిళ్ల తయారీలో అసలైన కౌశలం యంత్రాలది. పెద్ద పాత్రల్లో సబ్బును వండి, దాన్ని పీలికలుగా ఆరబెట్టి, సుగంధం కలిపి, బరువైన రోలర్ల మధ్య మళ్లీ మళ్లీ నలిపి, గాలి ఖాళీలు లేకుండా ఒత్తి, అచ్చులో బిళ్లగా నొక్కుతారు. మూడుసార్లు రోలర్ల గుండా పంపినదాన్ని ట్రిపుల్ మిల్డ్ అంటారు. ఈ పని వల్ల సబ్బులో నీరు పది శాతం అటూఇటూ దాకా తగ్గిపోతుంది, కణాలు ఒకే తీరుగా సర్దుకుంటాయి, బిళ్ల దట్టంగా తయారై నెలల తరబడి అరుగుతుంది. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ నుంచి వచ్చే మిచెల్స్ ఊల్ ఫ్యాట్ దీనికి చక్కని ఉదాహరణ. బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల ఊరు. ఉన్నిని కడిగినప్పుడు వచ్చే లానోలిన్ అనే మైనం వంటి పదార్థం అక్కడ సహజంగా దొరికేది, ఆ సబ్బులో అదే ప్రత్యేకత. జర్మనీలోని స్టోల్‌బర్గ్‌లో మాయ్‌రర్ ఉండ్ విర్ట్జ్ కంపెనీ 1959 నుంచి అమ్ముతున్న టబాక్ కూడా ఈ గట్టి బిళ్లల కోవలోనిదే. తుర్కియేలో ఎవ్యాప్ కంపెనీ చేసే అర్కో స్టిక్‌ను డబ్బాలో కాక నేరుగా తడి గడ్డం మీద రుద్దుకుని, ఆ తరువాత బ్రష్షుతో నురగ తీస్తారు. చవకైన సబ్బు కూడా చక్కగా పనిచేయగలదని చూపడానికి దీన్ని మించిన ఉదాహరణ దొరకదు.

అయితే సంప్రదాయం అనగానే గట్టి బిళ్ల ఒక్కటే గుర్తుకు రావడం సరికాదు. ఇటలీ సంప్రదాయం మెత్తని సబ్బుది. మిలాన్ పేరుతో 1899 నుంచి వస్తున్న చెల్లా సబ్బు బాదం వాసనతో, పిండి ముద్ద వంటి మెత్తదనంతో ఉంటుంది. ఇటలీ మంగలి దుకాణాల కోసం దాన్ని కిలో దిమ్మలుగా కూడా అమ్ముతారు. ఫ్లోరెన్స్‌కు చెందిన మార్తెల్లీ కుటుంబపు ప్రొరాసో, యూకలిప్టస్, మెంథాల్ కలిసిన ఆ ఆకుపచ్చ డబ్బా, ప్రపంచమంతటా తెలిసినదే. ఈ ఇటాలియన్ సబ్బుల నిర్మాణాన్ని గమనిస్తే నేటి ఆర్టిసాన్ సబ్బులకు మూలరూపం ఇక్కడే ఉందని అనిపిస్తుంది. చిన్న తయారీదారులు కొత్త వస్తువును కనిపెట్టలేదు. ఇటలీ మంగలి దుకాణాల మెత్తని సబ్బును తీసుకుని, దానిలో ఖరీదైన కొవ్వులు చేర్చి, సుగంధాన్ని పెంచారు.

మధ్యలో చాలాకాలం ఈ సబ్బులన్నీ వెనకబడ్డాయి. బ్రష్షు అక్కర్లేని క్రీములు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే వచ్చాయి. 1950 ప్రాంతం నుంచి అమెరికాలో డబ్బాలోంచి నొక్కితే వచ్చే నురగ వ్యాపించింది. ఆ తరువాత బ్లేడు తలను మార్చుకునే కార్ట్రిడ్జ్ రేజర్లు వచ్చి గీతకు పట్టే శ్రద్ధనూ సమయాన్నీ తగ్గించాయి. 1840ల్లో కనెక్టికట్ రాష్ట్రంలో మొదలై అమెరికన్ ఇళ్లలో తరాలపాటు నిలిచిన విలియమ్స్ మగ్ సోప్ చివరికి మందుల దుకాణాల అడుగు అరల్లో మిగిలింది. మన దేశంలో మాత్రం రెండంచుల బ్లేడు ఎన్నడూ పోలేదు. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో సెలూన్లు ఇప్పటికీ ఆ బ్లేడును విరిచి కత్తి పిడిలో బిగించే గడ్డం గీస్తాయి, బ్రష్షుతోనే నురగ తీస్తాయి, చివరన పటిక రాస్తాయి. కాబట్టి పాశ్చాత్య దేశాల్లో పునరుద్ధరణగా కనిపిస్తున్నది తెలుగు పాఠకులకు చాలావరకు తెలిసిన పనే. తెలియనిది ఆ సబ్బుల వైవిధ్యం.

ఆర్టిసాన్ తయారీలో యంత్రాల స్థానాన్ని సూత్రం, అంటే దినుసుల పాళ్ల లెక్క, ఆక్రమిస్తుంది. స్టియరిక్ ఆమ్లం సుమారు 69 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి కొవ్వులన్నిటినీ అంతకంటే వేడిగా కరిగించి, రెండు క్షారాల ద్రావణాన్ని పోసి, వేడి మీదనే కలుపుతారు. స్టియరిక్ ఆమ్లం క్షారం తగిలిన క్షణమే సబ్బుగా మారిపోతుంది. మిగిలిన నూనెలకు ఇంకొంత సమయం పడుతుంది. ముద్ద చిక్కబడ్డాక సుగంధం, గ్లిజరిన్, లానోలిన్, పాలు, కలబంద రసం వంటివి చేర్చి వేడిగానే డబ్బాల్లో నింపేస్తారు. ఆరబెట్టడం, రోలర్లతో నలపడం ఉండవు. అందువల్ల ఈ సబ్బులో నీరు మిల్లు బిళ్లతో పోలిస్తే రెండింతలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఉంటుంది, సబ్బు వేలితో నొక్కితే సొట్ట పడేంత మెత్తగా ఉంటుంది. క్షారాన్ని లెక్క కంటే కొద్దిగా తగ్గించి వాడి, కొన్ని శాతాల కొవ్వును సబ్బుగా మారకుండా వదిలేయడం వీళ్ల అలవాటు. గీత తరువాత చర్మం మీద తెలిసే నునుపులో పెద్ద భాగం ఆ మిగులు కొవ్వుదే. అది మోతాదు మించితే నురగ చచ్చిపోతుంది. మంచి తయారీదారు నైపుణ్యం ఆ హద్దు ఎక్కడో తెలుసుకోవడంలో ఉంటుంది.

ఇక్కడ తరచుగా వినిపించే ఒక వాదనను సరిచేయాలి. చేతి తయారీ సబ్బులో గ్లిజరిన్ సహజంగా మిగులుతుందని, ఫ్యాక్టరీ సబ్బు నుంచి దాన్ని తీసేస్తారని, అందుకే మొదటిది మెరుగని చెబుతారు. నూనెను సబ్బుగా మార్చినప్పుడు నూనె బరువులో దాదాపు పదో వంతు గ్లిజరిన్ విడుదలవుతుందన్నది, పెద్ద ఫ్యాక్టరీలు ఉప్పు నీటితో దాన్ని వేరు చేసి అమ్ముకోగలవన్నది నిజం. కానీ ఆర్టిసాన్ షేవింగ్ సబ్బులో ప్రధాన దినుసు విడి స్టియరిక్ ఆమ్లం. అది ముందే గ్లిజరిన్ నుంచి విడిపోయిన కొవ్వు ఆమ్లం కనుక క్షారంతో కలిసినప్పుడు ఒక్క చుక్క గ్లిజరిన్ కూడా పుట్టదు. చిన్న తయారీదారులు కూడా గ్లిజరిన్‌ను సీసాలోంచే పోస్తారు, ఫ్యాక్టరీ వాళ్లూ పోయగలరు. లేబుల్‌లో గ్లిజరిన్ ఏ స్థానంలో ఉందన్నది చూడాలి గానీ ఎవరు చేశారన్నది దానికి హామీ కాదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. బజారులో దొరికే పారదర్శక గ్లిజరిన్ సబ్బు దిమ్మను కరిగించి, రంగూ వాసనా కలిపి, షేవింగ్ సబ్బని డబ్బాలో పోసి అమ్మేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. స్టియరేట్ తగినంత లేని ఆ సబ్బుల నురగ కొబ్బరి బుడగల తీరునే ప్రవర్తిస్తుంది, చేతి తయారీ అన్న మాట దాన్ని కాపాడలేదు.

వాడుకలో ఈ నిర్మాణ భేదాలు స్పష్టంగా తెలుస్తాయి. మిల్లు బిళ్ల మీద తడి బ్రష్షును అర నిమిషం నుంచి నిమిషం దాకా తిప్పితే తప్ప తగినంత సబ్బు కుచ్చులోకి ఎక్కదు. గీతకు ముందు బిళ్ల మీద ఒక చెంచా గోరువెచ్చని నీళ్లు పోసి నానబెడితే పని తేలికవుతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు సంప్రదాయ సబ్బులను బాగాలేవని వదిలేయడానికి ముఖ్య కారణం ఈ దశలో తొందరపడటమే. మెత్తని ఆర్టిసాన్ సబ్బు పది పదిహేను సెకన్లలోనే బ్రష్షును నింపేస్తుంది, అలవాటు లేని చేతికి కూడా చిక్కటి నురగనిస్తుంది. సబ్బు పాలు పెరిగితే నురగకు జారుడుగుణం పెరుగుతుంది కాబట్టి, మెత్తని సబ్బు బాగా జారుతుందన్న అనుభవంలో కొంత భాగం దాని సూత్రానిది, కొంత భాగం ఎక్కువ సబ్బు ఎక్కడానిది. ఒకే బరువు సబ్బును తీసుకుని, ఒకే కొలత నీటితో నురగ తీస్తే మంచి మిల్లు బిళ్లకూ మంచి ఆర్టిసాన్ సబ్బుకూ మొదటి గీతలో, అంటే నురగ మీద మొదటిసారి బ్లేడు నడిపినప్పుడు, పెద్ద తేడా కనిపించదు.

తేడా మొదటి గీత తరువాత మొదలవుతుంది. నురగ ఒకసారి గీసేశాక, మళ్లీ నురగ పట్టించకుండా గడ్డం కింద మిగిలిన కొన్ని వెంట్రుకలను సరిచేయాలనుకుంటే, అక్కడ మిగిలిన పొర ఎంత జారుడుగా ఉందన్నది ముఖ్యం. లానోలిన్, షియా అనే ఆఫ్రికా చెట్టు గింజల వెన్న, మిగులు కొవ్వు ఉన్న ఆర్టిసాన్ సబ్బులు ఇక్కడ నిస్సందేహంగా ముందుంటాయి. లానోలిన్ బలంతో మిచెల్స్ కూడా ఈ విషయంలో వాటితో నిలబడుతుంది. చాలా ఇతర మిల్లు బిళ్లలు నిలబడవు. గీత పూర్తయి ముఖం కడిగి ఆరాక చర్మం లాగినట్టు ఉండటం, ఉండకపోవడం కూడా ఇలాంటిదే. సబ్బు ఏదైనా దాని పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి కొలత; 7 తటస్థం) సుమారు 9 నుంచి 10 మధ్యలో ఉంటుంది, చర్మం సహజ స్థితి ఆమ్లం వైపు ఉంటుంది. ఆ క్షారత ప్రభావాన్ని పూర్తిగా తప్పించడం ఏ సబ్బుకూ సాధ్యం కాదు, కొవ్వులతో గ్లిజరిన్‌తో దాన్ని మెత్తబరచడమే సాధ్యం. రోజూ గీసుకునేవాళ్లకు, చలికాలంలో చర్మం పగిలేవాళ్లకు ఆర్టిసాన్ సబ్బుకు పెట్టే అదనపు ఖర్చు సార్థకమయ్యే చోటు ఇది. వారానికి రెండుసార్లు గీసుకుని, ఆ తరువాత ఎలాగూ క్రీమో నూనో రాసుకునేవాళ్లకు ఈ తేడా పెద్దగా అందదు.

అమెరికాలో 2010 తరువాత బలపడిన ఆర్టిసాన్ తయారీదారుల్లో స్టిర్లింగ్, బారిస్టర్ అండ్ మాన్, డిక్లరేషన్ గ్రూమింగ్, నోబుల్ ఆటర్ వంటి పేర్లు బాగా తెలిసినవి. వీళ్లు తమ మూల సూత్రాన్ని తరచుగా మారుస్తారు. బారిస్టర్ అండ్ మాన్ కాలక్రమంలో గ్లిసాంట్, రిజర్వ్, ఎక్సెల్సియర్, ఆమ్నిబస్ వంటి వేర్వేరు సూత్రాలతో సబ్బులు తెచ్చింది. పేరు, వాసన అవే ఉండి లోపలి సబ్బు మారినప్పుడు మూడేళ్ల కిందటి ప్రశంస నేటి డబ్బాకు వర్తించదు. ఈ నిరంతర మార్పు మెరుగుదలకు దారితీసిందన్నది నిజమే అయినా, ఒకే సబ్బును ఏళ్ల తరబడి వాడాలనుకునేవారికి అది ఇబ్బంది. నిలకడ విషయంలో పాత కంపెనీలది సాధారణంగా పైచేయి. అక్కడ కూడా మార్పు వచ్చినప్పుడు అది చెప్పకుండా వస్తుంది, దాన్ని వాడుకరులు లేబుల్ చదివి కనిపెట్టాల్సి వస్తుంది.

అలాంటి మార్పుల్లో ప్రధానమైనది పశువుల కొవ్వుది. టాలో అనే గొడ్డు కొవ్వులో సుమారు ఐదో వంతు స్టియరిక్, నాలుగో వంతు పామిటిక్, మిగిలినదానిలో ఎక్కువ భాగం ఓలియిక్ ఆమ్లం ఉంటాయి. నిలకడ, జారుడు, సౌమ్యత ఒకే కొవ్వులో ఇంత చక్కగా కుదరడం అరుదు కనుక పాశ్చాత్య షేవింగ్ సబ్బుకు అది ఆధారమైంది. అర్కో లేబుల్‌లో పొటాషియం టాలోయేట్, సోడియం టాలోయేట్ అని కనిపించేవి అదే. గత కొన్ని దశాబ్దాల్లో చాలా పాత కంపెనీలు టాలోను వదిలి పామాయిల్ మూలాలకు మారాయి. టబాక్ కూడా ఇటీవల అలాగే మారి పాత అభిమానులను నిరాశపరిచింది. అదే కాలంలో అమెరికన్ ఆర్టిసాన్ తయారీదారుల్లో ఎక్కువమంది టాలోను తిరిగి పట్టుకున్నారు, కొందరు బాతు కొవ్వు, అమెరికా అడవిదున్న (బైసన్) కొవ్వు దాకా వెళ్లారు. ఈ విధంగా సంప్రదాయ దినుసు ఇవాళ కొత్త తయారీదారుల దగ్గర, కొత్త దినుసు పాత కంపెనీల దగ్గర దొరికే పరిస్థితి ఏర్పడింది.

మన దేశంలో ఈ ప్రశ్నకు వేరే చరిత్ర ఉంది. 1918లో గోద్రెజ్ సంస్థ జంతు కొవ్వు లేకుండా నూనెలతోనే చేసిన ‘చావి’ సబ్బును తెచ్చింది. స్వదేశీ ఉద్యమ కాలంలో అది వ్యాపారానికి మించిన విషయం. 1983లో వనస్పతిలో గొడ్డు కొవ్వు కలుపుతున్నారన్న ఆరోపణతో దేశమంతా పెద్ద దుమారం రేగింది, ఆ కొవ్వు దిగుమతిని ప్రభుత్వం నిషేధించింది. అప్పటి నుంచి భారతీయ సబ్బు పరిశ్రమ దాదాపు పూర్తిగా పామ్, కొబ్బరి నూనెల మీదే నడుస్తోంది. విదేశాల నుంచి వచ్చే సబ్బును కొనేటప్పుడు శాకాహారులు, గోవు పట్ల మతపరమైన పట్టింపు ఉన్నవారు, పంది కొవ్వు వద్దనుకునే ముస్లింలు లేబుల్‌లో టాలోయేట్, లార్డేట్ అన్న మాటల కోసం తప్పక చూడాలి. లానోలిన్ గొర్రెను చంపకుండా ఉన్ని నుంచి తీసేదైనా జంతు సంబంధమైనదే. టాలో లేకపోతే మంచి సబ్బు రాదన్న అభిప్రాయం మాత్రం నిలబడదు. కొవ్వు ఎక్కడి నుంచి వచ్చినా స్టియరిక్ ఆమ్లపు అణువు ఒకటే. ఫ్రాన్సులోని మార్టిన్ ద కాండ్ర్ పూర్తిగా వృక్ష మూలాలతో చేసే సబ్బు దశాబ్దాలుగా మొదటి వరుసలో నిలుస్తోంది. సదరన్ విచ్‌క్రాఫ్ట్స్ వంటి ఆర్టిసాన్ తయారీదారులు కూడా శాకాహార సూత్రాలతోనే పేరు తెచ్చుకున్నారు.

తెలుగు ప్రాంతాల్లో ఉండేవారికి కొవ్వు కంటే, కంపెనీ కంటే పెద్ద విషయం నీరు. సబ్బు అణువు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలతో కలిస్తే కరగని తెల్లటి తెట్టుగా మారుతుంది. బకెట్ల అంచున పేరుకునే ఆ తెట్టే బ్రష్షు కుచ్చులోనూ ముఖం మీదా చేరుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన ఆమోదయోగ్య కాఠిన్య (ఈ కాల్షియం, మెగ్నీషియంల మోతాదు) పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీరు లేనప్పుడు 600 దాకా అనుమతిస్తారు. అంతర్జాతీయంగా 180 దాటిన నీటినే చాలా కఠినమైనదిగా లెక్కిస్తారు. తాగడానికి ఆమోదయోగ్యమైన నీరు కూడా నురగకు ఎంత ప్రతికూలమో ఈ రెండు అంకెలు చెబుతున్నాయి. కృష్ణా, గోదావరి, మంజీర నీరు కుళాయికి వచ్చే ఇళ్లలో ఇబ్బంది తక్కువ. హైదరాబాదు శివార్లలోని అపార్టుమెంట్లలో, రాయలసీమలో, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో బోరు నీటి మీద ఆధారపడేవారికి ఇది రోజువారీ సమస్య.

లెక్క వేసి చూస్తే, లీటరుకు 400 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీరు 50 మిల్లీలీటర్లు సుమారు 0.13 గ్రాముల పొటాషియం స్టియరేట్‌ను తెట్టుగా మార్చేస్తుంది. ఒక గీతకు గ్రాము నుంచి గ్రామున్నర సబ్బు పడుతుందనుకుంటే ఇది పదో వంతు నష్టం. నష్టం చిన్నదే, దానివల్ల ఏర్పడే తెట్టు బుడగల గోడలను బలహీనపరచడమే అసలు సమస్య. బ్రష్షు మీద సబ్బు తక్కువగా ఎక్కిన రోజున ఆ పదో వంతు ముఖ్యమైపోతుంది, నురగ పలచబడి మాయమవుతుంది. కఠినమైన నీటిలో ఆర్టిసాన్ సబ్బు బాగా పనిచేస్తుందన్న పేరు ప్రధానంగా ఇక్కడి నుంచి వచ్చింది: అది తేలికగా, ఎక్కువగా ఎక్కుతుంది కాబట్టి తెట్టుగా పోయిన తరువాత కూడా సరిపడా మిగులుతుంది. కాల్షియాన్ని పట్టి ఉంచే ఇ.డి.టి.ఎ. లవణాలు, సోడియం గ్లూకోనేట్, సిట్రేట్ వంటివి కలిపిన సబ్బులు మరింత తట్టుకుంటాయి, అవి పాత కంపెనీల లేబుళ్లలోనూ కనిపిస్తాయి.

బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని పరిశ్రమ అక్కడ స్థిరపడటానికి ఆ కొండల మీది మృదువైన నీరు ఒక కారణం. ఆ ఊరి మిచెల్స్ సబ్బు మృదువైన నీటిలో అద్భుతంగా, కఠినమైన నీటిలో మొండిగా ప్రవర్తిస్తుందన్న పేరు తెచ్చుకుంది. సుద్దరాతి నేలలోంచి వచ్చే లండన్ నీరు గట్టిది. అక్కడ ఉంటున్న తెలుగువారికి కూడా హైదరాబాదు బోరు నీటి అనుభవమే ఎదురవుతుంది. దీనికి పరిష్కారం ఖరీదైన సబ్బు కొనడం కంటే తేలికైనది. చాలా ఇళ్లలో ఆర్.ఓ. యంత్రం ఉంది, దాని నీటిలో కాఠిన్యం చాలా తక్కువ. అర గ్లాసు ఆ నీటిని గోరువెచ్చగా చేసుకుని బ్రష్షు నానబెట్టడానికీ నురగ తీయడానికీ వాడితే, మొండిదనుకున్న మిల్లు బిళ్ల కూడా కొత్త సబ్బులా లేస్తుంది. ఏ సబ్బు మంచిదో తేల్చే ముందు ఈ పరీక్ష చేయకపోతే ఆ తీర్పు సబ్బు మీద కాక నీటి మీద ఇచ్చినట్టవుతుంది.

సుగంధాల విషయంలో ఆర్టిసాన్ తయారీదారులది తిరుగులేని ఆధిక్యం. పాత కంపెనీలు లావెండర్, గంధం, బాదం, మెంథాల్ వంటి పరిచితమైన కొన్ని వాసనలకు పరిమితమైతే, వీళ్లు పరిమళద్రవ్యాల కళను సబ్బులోకి తెచ్చారు. నాచు, తోలు, పొగాకు, వానకు తడిసిన మట్టి, ఎండిన అడవి ఆకుల వంటి వాసనలు అల్లుతారు. ఇష్టమైనవారికి ఇది గొప్ప ఆనందం. చర్మం సున్నితమైనవారికి ఇదే ప్రమాదం కూడా. సబ్బులో సుగంధం పాలు పెరిగేకొద్దీ అప్పుడే బ్లేడు తగిలిన చర్మం మీద మంట, దురద కలిగే అవకాశం పెరుగుతుంది. లిమోనీన్, లినలూల్ వంటి అలర్జీ కలిగించగల సుగంధ పదార్థాలను లేబుల్ మీద విడిగా రాయాలని యూరప్ చట్టం చెబుతుంది, కనుక యూరప్ సబ్బుల లేబుల్ చదివితే ముందే జాగ్రత్తపడవచ్చు. మంట పుట్టినవారు సబ్బు జాతిని నిందించే ముందు అదే తయారీదారు సుగంధం లేని రకాన్ని వాడి చూడటం మంచిది. స్టిర్లింగ్ వంటి చాలామంది అలాంటిదొకటి అమ్ముతారు. వెనిలా వాసన ఉన్న సబ్బు కాలక్రమంలో గోధుమ రంగుకు తిరగడం చెడిపోయిందనడానికి గుర్తు కాదు, వెనిలిన్ స్వభావం అది.

ధరను డబ్బా లెక్కన పోల్చడం తప్పుదారి పట్టిస్తుంది. 125 గ్రాముల మిచెల్స్ బిళ్ల నుంచి గీతకు గ్రామున్నర లోపే తీసుకుంటారు కాబట్టి అది వంద గీతలకు అటూఇటూగా వస్తుంది. నాలుగు ఔన్సుల, అంటే సుమారు 113 గ్రాముల ఆర్టిసాన్ డబ్బాలో నీటి పాలు ఎక్కువ, బ్రష్షుకు ఎక్కేదీ ఎక్కువ. రెండు గ్రాముల చొప్పున అది అరవై గీతలకు మించడం కష్టం. అమెరికాలో ఆ డబ్బా ధర సాధారణంగా 15 నుంచి 25 డాలర్ల మధ్య ఉంటుంది, మన దేశానికి తెప్పించుకుంటే రవాణా, సుంకం దాదాపు మరో డబ్బా ధరకు చేరతాయి. అర్కో స్టిక్‌తో పోలిస్తే గీతకు అయ్యే ఖర్చు ఎన్నో రెట్లు. నిల్వ విషయంలో కూడా గట్టి బిళ్లదే మేలు. ఎండబెట్టిన మిల్లు సబ్బు అల్మరాలో ఏళ్ల తరబడి ఉన్నా దాని నురగ తగ్గదు, వాసన మాత్రం పలచబడుతుంది. మిగులు కొవ్వులు, నూనెలు ఉన్న మెత్తని సబ్బు మే నెల ఎండలకు, కోస్తా ఉక్కకు లొంగుతుంది: మొదట మెత్తబడి చెమ్మగిల్లుతుంది, ఎక్కువ కాలం ఉంటే నూనెలు ముక్కిపోయిన వాసన వేస్తాయి. స్నానాల గదిలో మూత బిగించి ఉంచకుండా, వాడిన తరువాత నీడలో కాసేపు ఆరనిచ్చి మూత పెట్టాలి.

విదేశీ డబ్బా తెప్పించుకోవడం కంటే సమంజసమైన దారి ఇక్కడే తయారుచేయడం, దానికి కావలసిన కొవ్వులు ఇక్కడే ఉన్నాయి. అమెరికన్ ఆర్టిసాన్ సబ్బుల లేబుళ్లలో గొప్పగా కనిపించే కోకమ్ వెన్న మన కొంకణ తీరపు చెట్టుది. దాని కొవ్వులో సగానికి పైగా స్టియరిక్ ఆమ్లమే. మామిడి జీడిలోని పప్పు నుంచి తీసే కొవ్వులో దాదాపు 40 శాతం స్టియరిక్ ఉంటుంది, జ్యూస్ ఫ్యాక్టరీలున్న చిత్తూరు ప్రాంతంలో మామిడి టెంకలకు కొదవలేదు. ఆయిల్ పామ్ సాగులో దేశంలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణది ఆ తరువాతి స్థానం. ఏలూరు దగ్గర పెదవేగిలో ఆ పంట మీదే జాతీయ పరిశోధన సంస్థ ఉంది. పామాయిల్ నుంచి పామిటిక్ ఆమ్లం సమృద్ధిగా వస్తుంది. ఆముదం తెలంగాణ మెట్ట పొలాల పాత పంట. వీటితోపాటు కోనసీమ కొబ్బరి నూనె, కాస్టిక్ పొటాష్ ఉంటే శాకాహార షేవింగ్ సబ్బుకు దినుసులన్నీ సమకూరినట్టే. అమ్మకానికి చేసేవారు 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం లైసెన్సు తీసుకోవాలి, దినుసులన్నీ లేబుల్ మీద రాయాలి. భారతీయ చిన్న తయారీదారులు కొందరు ఇప్పటికే ఈ దారిలో ఉన్నారు. వాళ్ల సబ్బులు కొనేటప్పుడు లేబుల్ మొదటి వరుసలో స్టియరిక్ ఆమ్లమో పొటాషియం స్టియరేటో ఉందా, లేక కొబ్బరి నూనె, రంగు, వాసన మాత్రమే ఉన్నాయా అని చూసి, బోరు నీటితో ఒకసారి, ఆర్.ఓ. నీటితో ఒకసారి నురగ తీసి పోల్చుకోవచ్చు.